పక్క రాష్ట్రం నంబరు కారుతో మకాం మార్చారా? ఏ పని ముందు, ఏది తర్వాత

సామాన్లు దించుకుని, గ్యాస్ కనెక్షన్ మార్పించుకుని, పిల్లల అడ్మిషన్లు అయ్యాక గానీ కారు నంబరు సంగతి ఎవరికీ గుర్తు రాదు. అది కూడా మనంతట మనకు రాదు, ఎవరో ఒకరు గుర్తు చేయాలి. నాకు ఒక కూడలిలో కారు ఆపిన అధికారి గుర్తు చేశారు. నంబరు ప్లేటు మీద కేఏ (కర్ణాటక) చూసి, "ఎన్నాళ్లయింది సార్ ఇక్కడికొచ్చి?" అన్నారు. "ఏడు నెలలు" అన్నాను. "కాగితం ఏదైనా ఉందా?" అన్నారు. ఆర్సీ, ఇన్సూరెన్సు, లైసెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ తీసి చూపించాను. ఆయన అడిగింది అవి కాదు. ఏడు నెలలే అయిందని చెప్పే కాగితం. అది నా దగ్గర లేదు. చివరికి ఫోన్లో ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ వెతికి, రాష్ట్రం సరిహద్దు దాటిన రోజు టోల్ కట్టిన లైను చూపిస్తే వదిలేశారు. ఇరవై నిమిషాలు రోడ్డు పక్కన టెన్షన్ పడ్డాక తట్టిన ఉపాయం అది.

మీకు ఆ టెన్షన్ లేకుండా, ఏ పని ఎప్పుడు చేసుకోవాలో చెప్తాను. తెల్ల బోర్డు సొంత కార్ల గురించే ఇదంతా. పసుపు బోర్డు ట్యాక్సీలకు పర్మిట్, త్రైమాసిక పన్ను లాంటి గొడవలు వేరే ఉంటాయి, అవి ఇక్కడ కలపడం లేదు.

నంబరు వేరు, పన్ను వేరు

ముందు ఈ తేడా తెలియాలి. చాలామంది రెండింటినీ కలిపేసి, "ఏడాది దాకా ఎవరూ ఏమీ అనకూడదు" అని వాదనకు దిగుతారు. అది సగమే నిజం.

మోటారు వాహనాల చట్టం 1988లో కేంద్రం చేసింది. దాని 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి దేశమంతా చెల్లుతుంది. మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించనక్కర్లేదు. దానికి పరిమితి పెట్టేది 47వ సెక్షన్. బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, అక్కడి ఆర్టీవో ఆఫీసులో కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలి. అందరి నోళ్లలో నానే "ఏడాది" ఇదే.

పన్ను సంగతి అలా కాదు. వాహనాల మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉంది, 57వ అంశం. అంటే నంబరు ఇచ్చే పద్ధతి కేంద్రం చట్టంలో ఉంటే, లైఫ్ ట్యాక్స్ (ఏళ్ల తరబడి కాలానికి ఒకేసారి కట్టే పన్ను) ఎంత, ఎప్పటి నుంచి అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం రాసుకుంటుంది. మీరు కర్ణాటకలో 15 ఏళ్లకు కట్టిన లైఫ్ ట్యాక్స్ కర్ణాటక ఖజానాకే వెళ్లింది. ఇక్కడి రోడ్ల మీద తిరుగుతున్నందుకు ఇక్కడి ప్రభుత్వం తన పన్ను తాను అడుగుతుంది. కొన్ని రాష్ట్రాలు 12 నెలలు కూడా ఆగకుండా ముందే అడుగుతాయి. కర్ణాటక 2014లో 30 రోజులు దాటిన బయటి బండ్ల దగ్గర లైఫ్ ట్యాక్స్ వసూలు చేసేలా సవరణ తెచ్చింది, 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇలాంటి లాగులాట చాలా చోట్ల నడిచింది. అందుకే మీరు వెళ్లిన రాష్ట్రంలో పన్నుకు ఇప్పుడు ఎన్ని రోజుల గడువు నడుస్తోందో ఆ రాష్ట్ర రవాణా శాఖ సైట్లో చూసుకోండి. మూడేళ్ల కిందట బావమరిది ఏం చేశాడన్నది లెక్కలోకి రాదు.

అసలు మీది బయటి బండేనా?

ఈ ప్రశ్న మన రెండు రాష్ట్రాల వాళ్లకే వస్తుంది. 2014 జూన్ 2కు ముందు హైదరాబాదులో రిజిస్టరైన ఏపీ 09, ఏపీ 28 లాంటి నంబర్ల కార్లు ఇప్పటికీ నగరంలో తిరుగుతూనే ఉన్నాయి. అవి పక్క రాష్ట్రం బండ్లు కావు. వాటి రికార్డు తెలంగాణ ఆఫీసుల్లోనే ఉంది, నంబరులో ఏపీ ఉందని కంగారు పడక్కర్లేదు. అలాగే 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తున్నా, పాత టీఎస్ ప్లేట్లు అలాగే చెల్లుతాయి.

రాష్ట్రం విడిపోయాక విజయవాడలోనో విశాఖలోనో రిజిస్టరైన బండి మాత్రం తెలంగాణకు బయటి బండే. అటు నుంచి ఇటైనా, ఇటు నుంచి అటైనా ఇదే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి జిల్లాకో కోడ్ తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టారు కాబట్టి ప్లేటు చూసి ఏ ఊరో చెప్పడం కుదరదు. ఆర్సీలో ఏ రిజిస్టరింగ్ అథారిటీ అని ఉందో చూడండి, మీ ఎన్‌వోసీ (బండి వేరే రాష్ట్రానికి మారడానికి అభ్యంతరం లేదన్న పత్రం) రావలసింది అక్కడి నుంచే.

ఆరు నెలల ప్రాజెక్టుకు వచ్చి వెళ్లిపోయేవాళ్లు నంబరు మార్చుకోవద్దు. మార్చడానికి పట్టే తిరుగుడు, మళ్లీ వెనక్కి మార్చడానికి పట్టే తిరుగుడు కలిపితే ప్రాజెక్టే అయిపోతుంది. వాళ్లు ఆ రాష్ట్రం పన్ను గడువు చూసుకుని, కింద చెప్పిన మొదటి పని ఒక్కటి చేసుకుంటే చాలు. ఇక్కడే స్థిరపడుతున్నాం అనుకున్నవాళ్లు మాత్రం పదకొండో నెల దాకా ఆగకుండా మూడు నాలుగు నెలల్లోనే మొదలుపెట్టండి. ఎందుకో ఎన్‌వోసీ దగ్గర తెలుస్తుంది.

మొదటి పని: వచ్చిన తేదీకి సాక్ష్యం దాచుకోండి

కారు తోలుకుంటూ వస్తే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ కన్నా మంచి సాక్ష్యం లేదు. ఏ టోల్‌ప్లాజా, ఏ తేదీ, ఏ టైము అన్నీ ఉంటాయి. ఆ నెల స్టేట్‌మెంట్ పీడీఎఫ్ వెంటనే దించుకోండి. ఏడాది తర్వాత వెతికితే యాప్‌లో పాత నెలలు కనిపించకపోవచ్చు. ట్రక్కులో వేయించి తెప్పించుకుంటే ట్రాన్స్‌పోర్టు వాళ్ల రసీదు ఉంచుకోండి, దాని మీద బండి నంబరు రాయించండి. వీటికి తోడు ఇంటి అద్దె అగ్రిమెంటు, ఆఫీసు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు, పాత ఊళ్లో ఆఖరిసారి చేయించిన సర్వీసింగ్ బిల్లు. ఇవన్నీ ఒక ఫోల్డరులో పెట్టి కారు డాష్‌బోర్డులో ఒక సెట్టు, ఫోన్లో ఒక సెట్టు.

ఇంత చాదస్తం ఎందుకంటే, పన్ను అడిగే అధికారి మీరు చెప్పిన తేదీ నమ్మాలని రూలేమీ లేదు. కాగితం లేకపోతే బండి ఎప్పటి నుంచో ఇక్కడే ఉందని ఆయన రాసుకోవచ్చు, కాదని నిరూపించుకునే భారం మన నెత్తిన పడుతుంది.

రెండో పని: లోను ఉంటే బ్యాంకు లెటరు

ఆర్సీలో హైపోథికేషన్ అని ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే, వాళ్ల రాతపూర్వక సమ్మతి లేకుండా బండి రాష్ట్రం మారదు. చట్టంలోనే ఉంది ఆ మాట. ఇక్కడ జనం చేసే పొరపాటు ఒకటుంది. బ్యాంకుకు వెళ్లి "ఎన్‌వోసీ కావాలి" అంటారు. వాళ్లు లోను తీరిపోయిందా అని చూసి, తీరలేదు కాబట్టి ఇవ్వం అంటారు. మనకు కావలసింది లోను తీరిందన్న లెటరు కాదు, ఫలానా రాష్ట్రానికి బండి రిజిస్ట్రేషన్ మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న లెటరు. దరఖాస్తులో ఆ మాటే రాయండి. ఏ ఆర్టీవో నుంచి ఏ ఆర్టీవోకు అన్నది కూడా లెటరులో పడేలా చూడండి. ఈ లెటర్లకు సాధారణంగా గడువు ఉంటుంది కాబట్టి తెచ్చుకుని బీరువాలో పెట్టేయొద్దు.

లోను ఎప్పుడో తీరిపోయి, ఆర్సీ మీద మాత్రం బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిందా? చాలామంది కార్లకు ఇదే పరిస్థితి. ముందు బ్యాంకు ఇచ్చిన క్లోజర్ లెటరు, ఫారం 35 పెట్టి పాత ఆర్టీవోలోనే ఆ పేరు తీయించండి. కొత్త రాష్ట్రానికి వచ్చాక తీయిద్దాం అనుకుంటే రెండు ఆఫీసుల మధ్య బంతిలా తిరుగుతారు.

మూడో పని: చలాన్లు, బాకీలు

పాత రాష్ట్రంలో పెండింగ్ చలాన్లు అన్నీ కట్టేయండి. సిగ్నల్ దగ్గర కెమెరా తీసిన ఫొటో ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. ఈ-చలాన్ పోర్టల్లో ఒకసారి, పాత నగరం ట్రాఫిక్ పోలీసుల సైట్లో ఒకసారి చూడండి, రెండు చోట్లా ఒకే లిస్టు కనిపించాలని లేదు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులో ఉండాలి. ఈ పొల్యూషన్ సర్టిఫికెట్ (పీయూసీ) దేశమంతా చెల్లుతుంది, రాష్ట్రం మారిందని కొత్తది తీసుకోనక్కర్లేదు. బీఎస్ 4, బీఎస్ 6 (పొగ ప్రమాణాలు) బండ్లకు ఒకసారి చేయిస్తే ఏడాది.

నాలుగో పని: ఎన్‌వోసీ

అసలు కష్టం ఇక్కడ. 48వ సెక్షన్ కింద, ఫారం 28లో, పాత ఆర్టీవోకు దరఖాస్తు చేయాలి. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్లో బండి నంబరు, చాసిస్ నంబరు ఆఖరి అంకెలు కొట్టి ఫీజు కట్టి, ప్రింట్లు తీసి ఆఫీసులో ఇవ్వడం చాలా రాష్ట్రాల్లో పద్ధతి. ఫారం ఒక్క కాపీ సరిపోదు, మూడు నాలుగు సంతకాలు చేసి ఉంచుకోండి. ఆర్సీ, ఇన్సూరెన్సు, పీయూసీ, అడ్రసు ప్రూఫ్, బ్యాంకు లెటరు జత చేయాలి.

ఫారం మీద చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర అడుగుతారు. ఎప్పుడూ చేయనివాళ్లకు ఇదొక వింత. బండి మోడల్‌ను బట్టి చాసిస్ నంబరు బానెట్ కింద ఇంజన్ వెనక గోడ మీదో, ముందు సీటు కింద కార్పెట్ లేపితే కనిపించే రేకు మీదో చెక్కి ఉంటుంది. గుడ్డతో దుమ్ము, జిడ్డు తుడవండి. పల్చటి తెల్ల కాగితం దాని మీద పరిచి, కదలకుండా రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని, మెత్తటి పెన్సిల్ పడుకోబెట్టి రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం చూడండి, అదే విద్య. అంకెలన్నీ తెల్లగా లేచి వస్తాయి. నాలుగైదు ముద్రలు ఒకేసారి తీసి పెట్టుకోండి. ఒక్కటే తీసి తీసుకెళ్లి, ఆఫీసు పార్కింగ్‌లో ఎండలో సీటు కింద దూరి మళ్లీ తీసిన అనుభవం నాది.

ఎన్‌వోసీ ఇచ్చే ముందు ఆర్టీవో ఆఫీసు రెండు విషయాలు చూసుకోవాలి. బండి మీద దొంగతనం కేసు ఏమీ లేదని పోలీసుల నుంచి రిపోర్టు, ప్రభుత్వానికి పన్ను బాకీ ఏమీ లేదని తన సొంత రికార్డు. ఆలస్యమంతా ఈ పోలీసు రిపోర్టు దగ్గరే. అయితే ఇందులో మనకు పనికొచ్చే మాటొకటి ఉంది. దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఇస్తున్నామనో, ఇవ్వడం లేదనో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క. దరఖాస్తు తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెప్తుంది. ఎన్‌వోసీ రాకపోయినా, ఆ రసీదు, తిరస్కరించినట్టు నాకు ఏ సమాచారమూ రాలేదన్న డిక్లరేషన్ పెట్టి కొత్త రాష్ట్రంలో దరఖాస్తు చేయొచ్చని 47వ సెక్షన్ చెప్తోంది. కౌంటరులో కూర్చున్న గుమస్తా దీన్ని వెంటనే ఒప్పుకుంటాడని నేను హామీ ఇవ్వను. కానీ రసీదు చేతిలో లేకపోతే ఆ వాదన చేయడానికే ఉండదు. కాబట్టి కాగితాలు ఇచ్చి ఊరికే వచ్చేయకండి, ముద్ర వేయించుకునే రండి.

దరఖాస్తులో ఏ ఆర్టీవోకు వెళ్తున్నారో రాయాలి. ఇది తొందరపడి నింపే గడి కాదు. మీ కొత్త ఇల్లు ఏ ఆఫీసు పరిధిలోకి వస్తుందో ముందే తెలుసుకోండి. హైదరాబాదు లాంటి చోట వీధి దాటితే ఆఫీసు మారిపోతుంది. ఎన్‌వోసీ ఒక ఆఫీసు పేరున వచ్చి, అద్దె ఇల్లు ఇంకో ఆఫీసు పరిధిలో ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో సంగతి, ఎన్‌వోసీ జారీ అయ్యాక పాత ఆఫీసులో ఆ బండి మీద వేరే లావాదేవీలు ముందుకు సాగవు. ఆర్సీలో పేరు తప్పు దిద్దించాలన్నా, ఇంటిపేరు సరిచేయాలన్నా దానికి ముందే కానివ్వండి. మనసు మారి ఎన్‌వోసీ రద్దు చేయించుకోవాలంటే, ఇక్కడ బండి రిజిస్టరు కాలేదని కొత్త ఆఫీసు నుంచి కాగితం తీసుకెళ్లాలి. ఎక్కడ ఉంటారో తేల్చుకోకుండా ఎన్‌వోసీ తీసుకోవద్దనేది అందుకే.

పాత ఊరికి వెళ్లే ఓపిక లేక ఏజెంటుకు అప్పగించేవాళ్లు ఎక్కువ. తప్పేమీ కాదు. కానీ ఒరిజినల్ ఆర్సీ ఇచ్చేముందు రెండు వైపులా స్కాన్ చేసుకోండి, ఖాళీ ఫారం 29, ఫారం 30 మీద మాత్రం సంతకాలు పెట్టొద్దు. అవి యజమాని పేరు మార్చే ఫారాలు. మీ బండి మీ పేరు మీదే ఉంటూ రాష్ట్రం మారుతున్నప్పుడు వాటితో పనే లేదు. ఎవరైనా అడిగారంటే ఎందుకో అడగండి.

ఐదో పని: కొత్త చోట పన్ను

జేబుకు చిల్లు పడేది ఇక్కడే. ఇలా వాడిన బండికి లైఫ్ ట్యాక్స్ కారు వయసును బట్టి తగ్గుతుంది, ఎంత శాతం తగ్గుతుందన్నది ఆ రాష్ట్రం పట్టికలో ఉంటుంది. శాతం దేని మీద కడతారన్నదే చాలామందికి తెలియదు. కారు ఈరోజు అమ్మితే ఎంతొస్తుందో ఆ ధర మీద కాదు. తెలుగు రాష్ట్రాల్లో కొన్నప్పటి ఇన్వాయిస్ ధర ముఖ్యం. అందుకే ఆ ఇన్వాయిస్ కాపీ ఇంట్లో లేకపోతే ముందే డీలరు దగ్గర డూప్లికేటు అడిగి తెచ్చుకోండి. షోరూము వాళ్లు ఇచ్చిన ఆన్‌రోడ్ కొటేషన్ పనికిరాదు. అందులో ఇన్సూరెన్సు, యాక్సెసరీలు, పాత రాష్ట్రం పన్ను అన్నీ కలిసి ఉంటాయి.

రవాణా శాఖ సైట్లో పన్ను లెక్క చూపించే సౌకర్యం ఉంటే ఎన్‌వోసీకి పెట్టకముందే ఒకసారి కొట్టి చూడండి. పదేళ్లు దాటిన చిన్న కారైతే కట్టబోయే పన్ను, ఫీజులు, తిరిగే ఖర్చు కలిపి చూసి, పాత ఊళ్లోనే అమ్మేసి ఇక్కడ ఇక్కడి నంబరు కారు కొనుక్కోవడమే మేలనిపించొచ్చు. నన్నడిగితే చాలామందికి అదే సరైన దారి. కారు మీద మమకారంతో ఆ లెక్క వేసుకోం.

పన్ను కట్టాక రసీదు మీద చాసిస్ నంబరు సరిగ్గా పడిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత రిఫండ్ దగ్గర తలనొప్పి.

ఆరో పని: బండి చూపించడం, కొత్త నంబరు

ఫారం 27 (కొత్త నంబరు దరఖాస్తు), ఎన్‌వోసీ, పాత ఆర్సీ, ఇన్సూరెన్సు, పీయూసీ, కొత్త అడ్రసు ప్రూఫ్, పన్ను రసీదు, లోను ఉంటే బ్యాంకు లెటరు. స్లాట్ బుక్ చేసుకుని బండితో సహా వెళ్లాలి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు చాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్సీతో సరిచూస్తారు. ఆర్సీలో తెలుపు అని ఉండి బండి నీలం రంగులో ఉంటే అక్కడే ఆగిపోతుంది. బయట బిగించిన సీఎన్‌జీ కిట్ ఆర్సీలో ఎక్కకపోయినా అంతే. ముందు బంపరుకు తగిలించిన ఇనుప క్రాష్ గార్డు ఇంట్లో విప్పేసి వెళ్లండి.

అన్నీ సరిపోతే కొత్త నంబరు కేటాయిస్తారు. కొత్త నంబరుతో పాటు 15 ఏళ్ల గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవదు, మొదటిసారి రిజిస్టరైన తేదీ నుంచే లెక్క. 2012 నాటి కారుకు ఎన్ని నంబర్లు మారినా 2027లో ఫారం 25 పెట్టి రెన్యువల్ చేయించాల్సిందే, అదీ అక్కడి నుంచి ఐదేళ్లకే.

తర్వాత హై సెక్యూరిటీ ప్లేట్లు బిగించుకోవాలి. అవి వచ్చేదాకా బజారులో నంబరు రాయించుకుని తిరగొద్దు. పాత ప్లేట్లు గోడకు తగిలించుకోవాలని సరదా పడొద్దు, ఎవరి చేతికైనా చిక్కితే చలాన్లు ఎవరి పేరున వస్తాయో ఆలోచించుకోండి.

నంబరు మారిన వారంలో

ఇన్సూరెన్సు కంపెనీకి కొత్త ఆర్సీ పంపి పాలసీలో నంబరు మార్చినట్టు ఎండార్స్‌మెంటు తెప్పించుకోండి. పాలసీలో పాత నంబరు ఉండి ప్రమాదం జరిగితే క్లెయిము దగ్గర అనవసరపు ప్రశ్నలు వస్తాయి. ఫాస్టాగ్ కూడా పాత నంబరు మీదే ఉంటుంది, దాన్ని మూసేసి కొత్త ఆర్సీతో కొత్తది తీసుకోండి. పాతది మూసే ముందు మీరు వచ్చిన నెల స్టేట్‌మెంట్ దించారో లేదో మరోసారి చూసుకోండి. డిజీలాకర్‌లో కొత్త ఆర్సీ తెచ్చుకుంటే రోడ్డు మీద అదే చూపించొచ్చు, కాగితమే కావాలని పట్టుబట్టే అధికారం తనిఖీ చేసేవారికి లేదు. ఎంపరివాహన్ యాప్‌లో చూపించినా అంతే.

పాత రాష్ట్రం నుంచి డబ్బు వెనక్కి

దీన్ని సగం మంది వదిలేస్తారు. మీరు 15 ఏళ్లకు కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి పాత రాష్ట్రం నుంచి రిఫండ్ అడగొచ్చు. దానికి ఆ రాష్ట్రం పెట్టిన ఫారం ఉంటుంది. దానితో కొత్త ఆర్సీ కాపీ, ఎన్‌వోసీ కాపీ, కొత్త చోట కట్టిన పన్ను రసీదు, పాత పన్ను రసీదు, క్యాన్సిల్డ్ చెక్కు పెట్టాలి. లక్షా ఇరవై వేలు కట్టి ఐదేళ్లు వాడితే ఎనభై వేలు రావాలని మనం సూటిగా లెక్కేసుకుంటాం. అలా రాదు. ఎన్నో ఏడాదికి ఎంత శాతమన్నది వాళ్ల పట్టికలో ఉంటుంది, అది మన లెక్క కన్నా తక్కువే ఉంటుంది.

ముందు ఇక్కడ కట్టాలి, తర్వాతే అక్కడ అడగాలి. అంటే కొన్నాళ్లు రెండు రాష్ట్రాలకూ పన్ను కట్టినవాళ్లమై ఉంటాం, ఆ డబ్బు సర్దుబాటు ముందే చూసుకోండి. రిఫండ్ దరఖాస్తుకు గడువు పెట్టిన రాష్ట్రాలున్నాయి కాబట్టి కొత్త ఆర్సీ చేతికొచ్చిన నెలలోనే పంపేయండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి అక్నాలెడ్జ్‌మెంటు కార్డు ఉంచుకోండి.

బయటి రాష్ట్రం సెకండ్‌హ్యాండ్ కారు కొంటే

ఢిల్లీ కార్లు చవకని తెచ్చుకునేవాళ్లు ఎక్కువయ్యారు. చవక ఎందుకో తెలియాలి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. ఆ తర్వాత సడలింపుల మీద కోర్టుల్లో మళ్లీ వాదనలు నడిచాయి. కానీ ఆ వయసు దగ్గరపడే కొద్దీ అక్కడివాళ్లు ఎంతకో కొంతకు వదిలించుకుంటారు. కాబట్టి కారు చూసి మురిసిపోయేలోపు ఎన్‌వోసీ చూడండి. మీ ఆర్టీవో పేరుతో ఎన్‌వోసీ వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. "ముందు బండి తీసుకెళ్లండి, ఎన్‌వోసీ కొరియర్లో పంపిస్తాం" అన్న మాటకు విలువ ఇవ్వొద్దు. ఇక్కడ పన్ను ఎంతవుతుందో కలుపుకుంటే చవక అన్న మాట ఎగిరిపోయే కార్లు చాలానే ఉంటాయి.

కొనేటప్పుడు ఫారం 28తో పాటు ఫారం 29, ఫారం 30 కూడా కావాలి. అమ్మినవారు వేరే రాష్ట్రమైతే వాళ్లకు 45 రోజులు, కొన్న మీకు 30 రోజులు గడువు. ఇది అమ్మేవాళ్లు ఇంకా జాగ్రత్తగా చదవాలి. ఆర్సీలో పేరు మారనంత కాలం, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కారు అమ్మి నాలుగేళ్లయిందన్న మాట అక్కడ నిలబడదు.

బీహెచ్ నంబరు

తరచూ బదిలీలయ్యే వాళ్ల కోసం 2021 సెప్టెంబరు 15 నుంచి బీహెచ్ (భారత్) సిరీస్ వచ్చింది. సైన్యం, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు అర్హులు. ప్రైవేటు వాళ్లు కంపెనీ నుంచి ఫారం 60 తెచ్చుకోవాలి. పన్ను ఒకేసారి 15 ఏళ్లకు కాకుండా రెండేళ్లకోసారి కడుతూ పోవచ్చు, రాష్ట్రం మారినా నంబరు మారదు. 2022 డిసెంబరు సవరణతో మామూలు నంబరు ఉన్న బండిని బీహెచ్‌లోకి మార్చుకునే వీలు కూడా వచ్చింది. కాకపోతే దీన్ని రాష్ట్రాలన్నీ ఒకే ఉత్సాహంతో అమలు చేయలేదు, చేతికొచ్చే పన్ను తగ్గుతుందంటే ఎవరికి మాత్రం ఇష్టం. మీ ఆర్టీవోలో ఇస్తున్నారా అని అడిగాకే కొత్త కారు అడ్వాన్సు కట్టండి.

ఈలోపు రోడ్డు మీద ఆపితే

వాదనకు దిగకండి. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పీయూసీ చూపించి, వచ్చిన తేదీ కాగితం ఇవ్వండి. ఎన్‌వోసీకి పెట్టి ఉంటే ఆ రసీదు కూడా. ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2,000 రూపాయల దాకా జరిమానా, రిజిస్ట్రేషన్ చెల్లని బండి నడిపితే 5,000 దాకా. ఈ రెండూ ఎక్కడి నంబరుకైనా ఒకటే. పన్ను బాకీ అంటే ఏ తేదీ నుంచి, ఏ నోటిఫికేషన్ కింద అడుగుతున్నారో రాసివ్వమని మర్యాదగా అడగండి. కట్టాల్సి వస్తే ప్రభుత్వ రసీదు మీదే కట్టండి, చేతిలో నోటు పెట్టి బయటపడితే రేపు ఇంకో కూడలిలో మళ్లీ అదే ప్రశ్న ఎదురవుతుంది. కట్టిన పన్ను మాత్రం తర్వాత ఆర్టీవోలో నంబరు మార్చేటప్పుడు సర్దుబాటు అవుతుందేమో అడగడం మర్చిపోకండి, ఆ రసీదు కూడా అదే ఫోల్డరులో.